ఎవరి డోసు వారిదే: వ్యాంకోమైసిన్ మోతాదును కంప్యూటర్ లెక్కతో రోగికి సరిపెట్టే పద్ధతి

వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము, పన్నెండు గంటలకోసారి. వార్డుల్లో ఈ ఆర్డరు ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని రాసేముందు ఎవరూ బరువు కూడా అడగరు. 80 కిలోల యువకుడికీ అదే, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన 48 కిలోల మహిళకూ అదే. ఆమె కిడ్నీలు కాస్త మందగించి ఉంటే ఆ గ్రాము చొప్పున అందే మందు కావాల్సిన దానికి దాదాపు రెట్టింపు అవుతుంది. ఆ సంగతి మూడో రోజు క్రియాటినిన్ (కిడ్నీలు మందగిస్తే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరిగాక గానీ బయటపడదు. మొదటి డోసుకు ముందే దాన్ని కనిపెట్టే లెక్క ఒక స్ప్రెడ్‌షీట్‌లో పట్టేంత చిన్నది.

విశాఖలో క్లినికల్ ఫార్మసిస్టులు, ఫార్మ్-డి చదివేవాళ్లు, డ్యూటీ డాక్టర్లు సొంతంగా మొదలుపెట్టుకోగలిగేలా ఈ మార్గదర్శి రాశాం. ముందు ఒకే ఒక్క మందుతో మొదలుపెట్టండి. అందుకు వ్యాంకోమైసిన్ బాగా సరిపోతుంది. అది చాలావరకు కిడ్నీ గుండానే పోతుంది, రక్తంలో దాని స్థాయిని కొలవొచ్చు, లక్ష్యం ఎంతో కూడా స్పష్టంగా ఉంది. 2020లో అమెరికా వృత్తి సంఘాలు ఉమ్మడిగా ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తీవ్రమైన ఎంఆర్‌ఎస్‌ఏ (చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్లలో 24 గంటల ఏయూసీ 400 నుంచి 600 మధ్య ఉండాలి. ఎంఐసీ, అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు స్థాయి, 1 అనుకుని చెప్పిన అంకె అది. ఏయూసీ అంటే రోజు మొత్తంలో రక్తం ఎంత మందును చూసిందో చెప్పే కొలత. యూనిట్ లీటరుకు మి.గ్రా. × గంటలు. ట్రఫ్ (తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఉండే కనిష్ఠ స్థాయి) ఒక్కటే చూసి లీటరుకు 15–20 మి.గ్రా.కి గురిపెట్టే పాత పద్ధతిని ఆ మార్గదర్శకాలు పక్కన పెట్టాయి, ఎందుకంటే అలా గురిపెట్టినప్పుడు చాలామందికి అవసరానికి మించి మందు వెళ్లి కిడ్నీలు దెబ్బతింటున్నాయి.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, నెలల పిల్లలు, గర్భిణులు, ఒళ్లు కాలినవాళ్లు ఈ షీట్‌కు లొంగరు. వాళ్లకు వేరే మోడళ్లు కావాలి.

మొదటి అడుగు: మంచం పక్కన దొరికే వివరాలు

కావాల్సినవి వయసు, ఆడో మగో, ఎత్తు, బరువు, క్రియాటినిన్ (డెసిలీటరుకు మి.గ్రా.లో, కనీసం రెండు రోజులది), ఇప్పటికే ఇచ్చిన డోసులు, అవి మొదలైన సమయం, ముగిసిన సమయం.

బరువు దగ్గరే ఎక్కువ మోసం జరుగుతుంది. స్ట్రెచర్ మీద వచ్చిన మనిషిని ఎవరూ తూచరు. పక్కనున్నవాళ్లు చెప్పిన అంకె కేస్ షీట్‌లోకి ఎక్కి అక్కడే స్థిరపడుతుంది. అది తూచిన బరువా, అంచనా బరువా అన్నది షీట్‌లో వేరే గడిలో రాయండి. అంచనా అయితే లెవెల్స్ (రక్తంలో మందు స్థాయి పరీక్షలు) తొందరగా పంపాలన్నమాట.

క్రియాటినిన్‌ను కూడా ఉన్నదున్నట్టు నమ్మొద్దు. కండ కరిగిపోయిన మనిషిలో అది తక్కువగా కనిపిస్తుంది. 70 ఏళ్లు, 40 కిలోలు, క్రియాటినిన్ 0.4 ఉన్న మగమనిషికి రెండో అడుగులోని సూత్రం వేస్తే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని శుభ్రం చేసే వేగం, నిమిషానికి 97 మి.లీ. వస్తుంది. మంచం పట్టిన ఆ వయసు మనిషికి అంత ఉండటం నమ్మశక్యం కాదు. అక్కడ మోసపోయేది సూత్రమే. ఏజెన్సీ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలోనూ ఇదే చిక్కు: వాళ్ల కిడ్నీ గొట్టాలు క్రియాటినిన్‌ను అదనంగా బయటికి తోస్తాయి, దాంతో క్లియరెన్స్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చిన రోగి అయితే, కిడ్నీ జబ్బు ఉందని ఎవరూ చెప్పకపోయినా పాత రిపోర్టులు అడిగి చూడండి. ఆ ప్రాంతంలో చాలామందికి జబ్బు ముదిరేదాకా తెలియదు.

క్రియాటినిన్ రోజురోజుకీ మారుతుంటే సూత్రం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. నిన్న 0.9, ఇవాళ 1.8 అంటే అసలు కిడ్నీ పని 1.8 చెప్పేదానికన్నా ఇంకా తక్కువని అర్థం. అలాంటి రోజు రెగ్యులర్ డోసు రాయొద్దు. లోడింగ్ డోసు (మొదట ఇచ్చే పెద్ద డోసు) ఇచ్చి, లెవెల్ చూసి, తర్వాతి డోసు అప్పుడు నిర్ణయించండి. ల్యాబ్ క్రియాటినిన్ కొలవడానికి జాఫీ పద్ధతి వాడుతుందా, ఎంజైమ్ పద్ధతి వాడుతుందా అని కూడా ఒకసారి కనుక్కోండి. కామెర్లు బాగా ఉన్న రోగిలో జాఫీ పద్ధతి అంకెను తగ్గించి చూపగలదు.

రెండో అడుగు: షీట్ కట్టడం

ఎక్సెల్ అయినా లిబ్రె ఆఫీస్ కాల్క్ అయినా సరే. నాలుగు సూత్రాలు చాలు.

1. క్రియాటినిన్ క్లియరెన్స్ = (140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్). ఆడవాళ్లకు 0.85తో గుణించాలి. ఇది కాక్రాఫ్ట్, గాల్ట్ 1976లో ఇచ్చిన సూత్రం.
2. వ్యాంకోమైసిన్ క్లియరెన్స్ = 0.689 × పై అంకె + 3.66. ఇది నిమిషానికి మి.లీ.లో వస్తుంది, 0.06తో గుణిస్తే గంటకు లీటర్లు. ఇది మట్జ్కే బృందం 1984లో ఇచ్చిన సూత్రం.
3. మందు పరుచుకునే పరిమాణం = 0.7 × బరువు, లీటర్లలో.
4. 24 గంటల ఏయూసీ = రోజు మొత్తం డోసు ÷ వ్యాంకోమైసిన్ క్లియరెన్స్.

షీట్‌లు చెడిపోయేది ఎక్కువగా ఈ మూడు చోట్లే. మొదటిది, 72 × క్రియాటినిన్ చుట్టూ బ్రాకెట్లు పెట్టకపోవడం. అప్పుడు కంప్యూటర్ 72తో భాగించి, క్రియాటినిన్‌తో గుణిస్తుంది. అంటే కిడ్నీ చెడే కొద్దీ డోసు పెరుగుతుంది! క్రియాటినిన్ 1 ఉన్న రోగితో పరీక్షిస్తే ఈ తప్పు కనబడదు కాబట్టి 0.6తోనూ 3తోనూ వేసి చూడాలి. రెండోది సంవర్గమానం. తర్వాతి లెక్కలకు నేచురల్ లాగ్ కావాలి. మామూలు లాగ్ ఫంక్షన్ పది ఆధారంగా లెక్క చేస్తుంది, జవాబు రెండు రెట్ల పైగా తప్పుతుంది. మూడోది గడియారం. రెండు సమయాల గడులను తీసివేస్తే జవాబు రోజుల్లో వస్తుంది, 24తో గుణించాలి. సమయం మాత్రమే రాసి తేదీ రాయకపోతే, రాత్రి 11కి మొదలైన డోసు, తెల్లవారి 6కి తీసిన రక్తం కలిసి మైనస్ గంటలు చూపిస్తాయి. అందుకే ప్రతి గడిలోనూ తేదీ, సమయం కలిపే ఉండాలి. రోజు ముందా, నెల ముందా అన్నది కంప్యూటర్ సెట్టింగ్స్‌లో చూసుకోండి. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్ 5/6ను మే ఆరుగా చదువుతుంది.

సూత్రాలున్న గడులను లాక్ చేయండి. అంకెలు నింపే గడులకు పసుపు రంగు వేయండి. క్రియాటినిన్ గడిలో 0.2 కన్నా తక్కువా, 15 కన్నా ఎక్కువా ఒప్పుకోకుండా హద్దు పెట్టండి. బయటి ల్యాబ్ రిపోర్టు మైక్రోమోల్‌లో వచ్చి ఎవరైనా 97 అని కొడితే అక్కడే ఆగుతుంది. దాన్ని 88.4తో భాగిస్తే మన యూనిట్‌లోకి వస్తుంది.

మూడో అడుగు: మొదటి డోసు

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 54 ఏళ్ల మహిళ, 48 కిలోలు, క్రియాటినిన్ 1.1.

క్రియాటినిన్ క్లియరెన్స్ 44.3. వ్యాంకోమైసిన్ క్లియరెన్స్ 34.2 మి.లీ., అంటే గంటకు 2.05 లీటర్లు. పరిమాణం 33.6 లీటర్లు. హాఫ్ లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం) = 0.693 × 33.6 ÷ 2.05, సుమారు 11.4 గంటలు. ఒక గ్రాము పన్నెండు గంటలకోసారి ఇస్తే ఏయూసీ 2000 ÷ 2.05 = 976. మనకు కావాల్సింది 400–600కి మధ్యలో, 500. కాబట్టి రోజుకు 500 × 2.05 = 1025 మి.గ్రా., ఆచరణలో 500 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి. అప్పుడు ఏయూసీ 488.

లోడింగ్ డోసును మాత్రం కిడ్నీని బట్టి తగ్గించకూడదు. ఇది చాలాచోట్ల జరిగే పొరపాటు. మొదటి డోసు పని ఖాళీగా ఉన్న పరిమాణాన్ని నింపడం, దానికీ క్లియరెన్స్‌కూ సంబంధం లేదు. తీవ్రంగా ఉన్నవాళ్లకు కిలోకు 20 నుంచి 35 మి.గ్రా., మొత్తం 3 గ్రాములు దాటకుండా ఇవ్వొచ్చు. ఈమెకు కిలోకు 25 చొప్పున 1200 మి.గ్రా.

దాన్ని 250 మి.లీ. నార్మల్ సెలైన్‌లో కలిపితే మి.లీ.కి 4.8 మి.గ్రా. అవుతుంది, 5 దాటకుండా చూసుకుంటే చాలు. నిమిషానికి 10 మి.గ్రా. వేగంతో రెండు గంటలు ఎక్కించాలి. తొందరపడితే మెడ, ముఖం ఎర్రబడి దురద పుడుతుంది, బీపీ పడిపోవచ్చు. చాలాసార్లు దాన్ని అలర్జీ అని రాసేసి మందే మాన్పిస్తారు. డ్రిప్ వేగం తగ్గిస్తే తగ్గిపోయే సమస్య అది.

నాలుగో అడుగు: రక్తం ఎప్పుడు తీయాలి

సోమవారం ఉదయం 8కి లోడింగ్, రాత్రి 8కి 500, మంగళవారం ఉదయం 8కి 500 (గంటసేపు) అనుకుందాం. మొదటి శాంపిల్ మంగళవారం 11 గంటలకు, అంటే డ్రిప్ అయిపోయిన రెండు గంటలకు. రెండోది రాత్రి 7:30కి, తర్వాతి డోసుకు అరగంట ముందు. రెండూ ఒకే డోసు తర్వాతివి కావాలి.

డ్రిప్ ఆగిన వెంటనే తీస్తే మందు ఇంకా కండరాల్లోకి సర్దుకోలేదు కాబట్టి అంకె ఎక్కువగా వస్తుంది. ఒకటి నుంచి రెండు గంటలు ఆగాల్సిందే. మందు ఎక్కిన చేతి నుంచి తీయకూడదు, ఆ లైన్ నుంచి అసలే తీయకూడదు.

చార్టులో ఉదయం 8 అని ముందే అచ్చువేసి ఉంటుంది. సిస్టర్ నిజంగా డ్రిప్ పెట్టింది 9:20కి కావచ్చు. పక్క మంచం దగ్గర ఎమర్జెన్సీ ఉంటే ఎవరికైనా అంతే అవుతుంది. అందులో తప్పేమీ లేదు, ఆ 9:20 ఎక్కడా రాసి లేకపోవడమే చిక్కు. దీనికి పరిష్కారం కాగితం ముక్కే: సెలైన్ సీసా మీద అంటించే స్టిక్కర్ మీద «మొదలు», «ముగింపు» అని రెండు గీతలు. శాంపిల్ ట్యూబ్ మీద రక్తం తీసిన నిమిషం. సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు ఈ స్టిక్కర్ అలవాటు చేయండి.

శాంపిల్ ఏ ట్యూబ్‌లో పంపాలో ల్యాబ్‌ను అడిగి తెలుసుకోండి. గాజువాక నుంచో పెందుర్తి నుంచో బండి మీద నగరం మధ్యకు పంపేట్టయితే మే నెల ఎండలో రక్తం ట్యూబును అలాగే సంచిలో వేసి పంపొద్దు. సీరం వేరుచేసి ఐస్ ప్యాక్‌తో పంపండి. రిపోర్టు ఎన్ని గంటలకు వస్తుందో కూడా ముందే కనుక్కోవాలి. మర్నాడు సాయంత్రానికి గానీ రాదంటే రెండు డోసులు గుడ్డిగా వెళ్లిపోతాయి. అలాంటి చోట ట్రఫ్ కోసం ఎదురుచూడకుండా మొదటి రోజే శాంపిల్ తీసి, ఆరో అడుగులో చెప్పే బేయీసియన్ లెక్క వాడటం మేలు.

ఐదో అడుగు: రెండు లెవెల్స్‌తో లెక్క

లీటరుకు మి.గ్రా.లో 11 గంటలది 32.1, రాత్రి 7:30ది 22.0 వచ్చాయనుకోండి. మధ్య 8.5 గంటలు.

తగ్గే వేగం = (32.1 ÷ 22.0) నేచురల్ లాగ్ ÷ 8.5 = 0.0444. హాఫ్ లైఫ్ 15.6 గంటలు. సూత్రం 11.4 అంది, అంటే ఈమె కిడ్నీలు క్రియాటినిన్ చెప్పినదానికన్నా నెమ్మది. వెనక్కి రెండు గంటలు లెక్కిస్తే డ్రిప్ ముగిసేనాటి స్థాయి 35.1, ముందుకు అరగంట లెక్కిస్తే రాత్రి 8కి 21.5.

ఎక్కుతున్న గంటలో ఏయూసీ: (35.1 + 21.5) ÷ 2 × 1 = 28.3. తగ్గుతున్నప్పటిది: (35.1 − 21.5) ÷ 0.0444, సుమారు 306. కలిపితే 334, రోజుకు రెండు డోసులు కాబట్టి సుమారు 669. లక్ష్యం దాటింది. కొత్త రోజు డోసు = 1000 × 500 ÷ 669, దాదాపు 750 మి.గ్రా.

హాఫ్ లైఫ్ పదిహేను గంటలు దాటింది కాబట్టి దాన్ని రోజుకు ఒకేసారి ఇవ్వొచ్చు: 750 మి.గ్రా., 250 మి.లీ. సెలైన్‌లో, 90 నిమిషాలు. మంగళవారం రాత్రి డోసు ఆపి బుధవారం ఉదయం 8కి మొదలుపెట్టమని డాక్టర్‌కు చెప్పండి. అప్పటికి రక్తంలో సుమారు 12.6 ఉంటుంది. కొత్త మోతాదు స్థిరపడ్డాక ఉండాల్సిన ట్రఫ్ కూడా 12 దరిదాపులే. ట్రఫ్ 12 చూసి కంగారుపడి డోసు పెంచేవాళ్లు ఉంటారు, కాబట్టి ఏయూసీ 500 అని కేస్ షీట్‌లో పెద్దగా రాయండి.

డోసు మార్చేముందు ఒక సరిచూపు తప్పనిసరి. ఒక డోసును, పైస్థాయి నుంచి కింది స్థాయి తీసివేసిన అంకెతో భాగించండి: 500 ÷ 13.6, సుమారు 37 లీటర్లు, కిలోకు 0.77. ఇది సాధారణంగా 0.4 నుంచి 1 మధ్య ఉండాలి. ఇప్పుడు మొదటి శాంపిల్‌ను మందు లైన్ నుంచే తీసి, 60 వచ్చిందనుకోండి. లెక్క వేస్తే హాఫ్ లైఫ్ ఆరు గంటలే, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయంటుంది. అది చూసి డోసులు దగ్గర చేస్తే ప్రమాదమే. సరిచూపు వేస్తే 9 లీటర్లు, కిలోకు 0.19 అని తేలుతుంది. ఏ మనిషిలోనూ అలా ఉండదు. శాంపిల్ పారేసి మళ్లీ తీయాలి.

ఆరో అడుగు: ఒకే శాంపిల్ ఉంటే బేయీసియన్ పద్ధతి

మందుల మోతాదుకు ఈ ఆలోచనను 1970లలో అమెరికా క్లినికల్ ఫార్మకాలజిస్టు లూయిస్ షైనర్ తదితరులు తెచ్చారు. జనం సగటు చెప్పే అంచనా ఒక పక్క, ఈ రోగిలో కొలిచిన అంకె ఇంకో పక్క. దేన్ని ఎంత నమ్మాలో తూకం వేసి రెండిటి మధ్య సరైన చోటు వెతకడమే పని.

మన ఉదాహరణలో ట్రఫ్ 22.0 ఒక్కటే ఉందనుకోండి. క్లియరెన్స్ 2.05 అయితే షీట్ ఊహించే అంకె 15.6. తేడా పెద్దదే. క్లియరెన్స్ మనిషికీ మనిషికీ 30 శాతం, పరిమాణం 20 శాతం మారుతుందనీ, కొలతలో 15 శాతం తప్పు ఉండొచ్చనీ పెట్టుకుందాం. ఈ అంకెలు ఎంచుకున్న మోడల్‌ను బట్టి మారతాయి. ఒక గడిలో మూడు వర్గాల (స్క్వేర్ల) మొత్తం కట్టండి: కొలిచినదానికీ ఊహించినదానికీ తేడా ÷ కొలత తప్పు, క్లియరెన్స్ సగటు నుంచి ఎంత జరిగిందో దాని లాగ్ ÷ 0.3, పరిమాణానికీ అలాగే ÷ 0.2. ప్రతిదాన్నీ వర్గం చేసి కలిపి, ఆ మొత్తం అత్యల్పమయ్యేలా క్లియరెన్స్, పరిమాణం మార్చమని సాల్వర్‌కు (స్ప్రెడ్‌షీట్‌లో సరిపోయే అంకెలు వెతికే సాధనం) చెప్పండి. ఎక్సెల్‌లో జీఆర్‌జీ నాన్‌లీనియర్ ఎంచుకోవాలి. కాల్క్‌లో మామూలుగా ఉండేది సరళరేఖ సాల్వర్, దాన్ని మార్చకపోతే పనిచేయదు.

జవాబు: క్లియరెన్స్ సుమారు 1.6, ఏయూసీ 630 దరిదాపుల్లో. రెండు శాంపిళ్లు చెప్పిన 669కి దగ్గరే, డోసు నిర్ణయం కూడా అదే 750. ఒక సూది పోటు తగ్గింది, స్థిరపడేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఈ పద్ధతి గొప్పతనం ఇదే.

చేత్తో కట్టుకోవడం కష్టమనిపిస్తే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాప్‌బేయర్, పోసోలజీఆర్ ప్యాకేజీలు ఉచితంగా దొరుకుతాయి. వెబ్‌లో టీడీఎంఎక్స్ ఉంది. డబ్బు కట్టి వాడేవి ఇన్‌సైట్ ఆర్‌ఎక్స్, డోస్‌మీ, ప్రిసైజ్ పీకే. ఏది తీసుకున్నా మొదటి ప్రశ్న, దానిలోని మోడల్ ఎలాంటి రోగుల నుంచి కట్టారు అన్నది. సగటున 85 కిలోల విదేశీ రోగుల మోడల్ మన 48 కిలోల ఆమెను ఎప్పుడూ చూడలేదు. వెబ్ టూల్‌లో పేరు, ఫోన్ నంబరు వేయొద్దు. కోడ్ నంబరు చాలు, వ్యక్తిగత వివరాలను కాపాడాలన్నదే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా. లెక్కను చాట్‌బాట్‌కు అప్పగించొద్దు. అది అంకెను ఎలా తెచ్చిందో సరిచూసే దారి ఉండదు.

ఏడో అడుగు: వార్డులోకి తెచ్చే ముందు

ఎథిక్స్ కమిటీ అనుమతితో, లెవెల్స్ ఇప్పటికే ఉన్న ఇరవై పాత కేసులు తీసుకోండి. లెవెల్ చూడకుండా మిగతా వివరాలు వేసి టూల్ ఏం ఊహిస్తుందో రాసుకోండి, తర్వాత పోల్చండి. తప్పులు అటూ ఇటూ సమానంగా చెదిరి ఉంటే ఫరవాలేదు. అన్నీ ఒకే వైపు ఉంటే, ఉదాహరణకు అసలు అంకె ఎప్పుడూ ఎక్కువే వస్తుంటే, ఆ మోడల్ మన రోగులకు కుదరదు. వేరేది చూడాలి.

తర్వాత కూడా టూల్ ఇచ్చేది సిఫారసే. ఫార్మసిస్టు లెక్కవేసి, ఇంకొకరు విడిగా అదే లెక్క వేసి, డాక్టర్ సంతకం పెట్టాలి. కేస్ షీట్‌లో డోసు ఒక్కటే కాకుండా ఏ బరువు, ఏ క్రియాటినిన్, ఏ తేదీ, ఏ మోడల్, తర్వాతి లెవెల్ ఎప్పుడు అన్నవి కూడా రాయాలి. పక్కనే పైపరాసిల్లిన్-టాజోబాక్టమ్ నడుస్తుంటే క్రియాటినిన్ రోజూ చూడండి. ఆ జతలో అది పెరగడం మామూలే. క్రియాటినిన్ 0.3 పెరిగినా, మూత్రం తగ్గినా పాత లెక్క చెల్లదు, లెవెల్ మళ్లీ పంపాలి.

వేరే మందులకు వెళ్లేటప్పుడు

జెంటామైసిన్, అమికాసిన్‌లకు ఇదే షీట్ క్లియరెన్స్ సూత్రం, పరిమాణం, లక్ష్యం మార్చుకుని దాదాపు అలాగే పనికొస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్‌కు పనికిరాదు. డోసు కొంచెం పెంచితే స్థాయి ఎన్నో రెట్లు ఎగబాకే మందు అది, డోసును క్లియరెన్స్‌తో భాగించే లెక్క అక్కడ కూలిపోతుంది. పైగా ఆల్బుమిన్ (మందును పట్టి ఉంచే రక్త ప్రోటీన్) తక్కువున్న రోగిలో కొలిచిన అంకెను (0.2 × ఆల్బుమిన్ + 0.1)తో భాగించి సరిచేసుకోవాలి. ఆల్బుమిన్ 2 ఉన్నవాడికి రిపోర్టులో 8 వస్తే అసలు ప్రభావం 16తో సమానం. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు వాడే టాక్రోలిమస్‌కు సీరం పనికిరాదు. మందు ఎర్ర కణాల్లో దాక్కుంటుంది కాబట్టి ఈడీటీఏ ట్యూబులో మొత్తం రక్తం పంపాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌కు లెవెల్ కొలవరు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే అంకె) చూస్తారు. అక్కడ సీవైపీ2సీ9, వీకేఓఆర్‌సీ1 జన్యువుల వివరం ఉంటే మొదటి డోసు అంచనా మెరుగవుతుంది, లేకపోయినా వయసు, బరువు, వాడుతున్న ఇతర మందులతో లెక్క మొదలుపెట్టొచ్చు.